దున్నువాని పేరు

(రైతు కార్యకర్తల సభలో చేసిన ఉపన్యాసము)



ఆర్థికన్యాయమునుగూర్చియు, దానికొరకు జరిగిన ఉద్యమముల వెనుకనున్న సిద్ధాంతములనుగూర్చియు ప్రసంగింపుమని సభవారు మమ్ము కోరియున్నారు. ఆర్థికన్యాయమను మాట నేడు ప్రతి వేదికమీదను వినబడుచున్నది. అందరును పలుకు మాట యగుటచేతనే దాని యర్థము పలుచబడినది. కావున దానిని మేము ఒక్క ప్రశ్నగా మార్చి మీ ముందుంచుచున్నాము. పంట నూర్చి కళ్లములో రాశి పోసినప్పుడు ఆ రాశిలో ఎవరి పాలెంత? ఆ పాలును నిర్ణయించునది నేలసారమా, చేసిన కష్టమా, చట్టమా, లేక బలమా?

ఇచ్ఛాపురము మొదలు విజయనగరము వరకు గల మన సీమలో జరిగిన ప్రతి రైతుద్యమమును, ప్రతి గిరిజనోద్యమమును ఈ ప్రశ్నకే సమాధానము వెదకినది. వానిలో కొన్ని గెలిచినవి. వాని గెలుపువలన జమీందారీ పోయినది, శిస్తు తగ్గినది, ఋణభారము కొంత తీరినది. అయినను గెలిచిన ప్రతిసారియు హక్కు ఒక మెట్టు క్రిందికి దిగి, నాగలి పట్టినవానికి ఒక మెట్టు పైననే ఆగిపోయినది. ఆ సమయమున దున్నువాని పేరు కాగితముమీద లేకపోవుటయే దీనికి కారణము. ఈ సంగతిని మీ మనస్సులకు పట్టించుటయే మా ప్రసంగమునకు ప్రయోజనము.

1802 నాటి సిద్ధాంతము

సిద్ధాంతములు పండితుల గ్రంథములలోనే యుండునని కొందరనుకొందురు. మన పూర్వుల నెత్తిమీద సుమారు నూటయేబది సంవత్సరములు కూర్చున్న జమీందారీ పద్ధతి ఒక సిద్ధాంతమునుండి పుట్టినదే. 1793లో కారన్‌వాలిసు ప్రభువు వంగదేశమున శాశ్వత పరిష్కారమును నెలకొల్పెను. 1802లో చెన్నపురి ప్రభుత్వము 25వ రెగ్యులేషనుచే దానిని ఈవైపునకు తెచ్చినది. భూమిపై స్థిరమైన యాజమాన్యమును ఒకనికి కట్టబెట్టి, అతడు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషును ఎన్నటికిని మారకుండ ఖాయపరచినచో, ఆ యజమాని లాభాపేక్షచే చెరువులు త్రవ్వించును, బంజరులను సాగులోనికి తెచ్చును, దేశము సుభిక్షమగునని దాని కర్తలు తలచిరి. తమ దేశమున తాము చూచిన భూస్వాములనే వారు ఇచ్చటను ఊహించుకొనిరి.

జరిగినది వేరు. పేష్కషు మారలేదు; రైతు చెల్లించు శిస్తు మాత్రము పెరుగుచు పోయినది. రెంటికిని నడుమనున్న వ్యత్యాసము జమీందారునకు చేరినది. తాను కష్టపడకయే తన రాబడి పెరుగు మార్గమును చట్టమే చూపినప్పుడు, చెరువు త్రవ్వించుటకు అతనికి ప్రేరణ యెక్కడిది? సిద్ధాంతకర్తలు యజమాని లోభమును నమ్ముకొనిరి. ఆ లోభము ఏ దారిని పోవునో చూడరైరి.

భాటకమన నేమి?

ఇట్టి రాబడికి మూలమేమో శాస్త్రీయముగ విప్పి చూపినవాడు డేవిడ్ రికార్డో. 1817లో ఆయన ప్రకటించిన అర్థశాస్త్రగ్రంథములోని వాదమును మన పొలములకు అన్వయించి చెప్పెదము. వంశధార కాలువక్రింద ఒక పల్లపు మడి, వానను నమ్ముకొన్న ఒక మెట్టుమడి ఉన్నవనుకొనుడు. రెంటిమీదను ఒకే కుటుంబము, ఒకే జత యెడ్లు, ఒకే కష్టము. పల్లమున ఎకరమునకు 20 బస్తాలు, మెట్టున 12 బస్తాలు పండినవనుకొనుడు. ఈ 8 బస్తాల వ్యత్యాసము దున్నినవాని అధికశ్రమవలన పుట్టలేదు. యజమాని శ్రమవలన అంతకన్న పుట్టలేదు. నేలసారమువలనను నీటివలనను పుట్టినది. దీనినే అర్థశాస్త్రజ్ఞులు భాటకమందురు. ధాన్యము ధర హెచ్చుగ నుండుటచే భాటకము పుట్టునే గాని, భాటకము చెల్లించుటచే ధాన్యము ధర హెచ్చదని రికార్డో స్థాపించెను.

ఈ చిన్న వాక్యము చాల దూరము పోయినది. భూస్వామి భాగమును తగ్గించినచో ధాన్యము ప్రియమగునన్న బెదరింపునకు దీనితో ఆధారము పోయినది. ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున 1823 మొదలు 1858 వరకు ఉద్యోగము చేసిన జాన్ స్టూవర్టు మిల్లు, యజమాని నిద్రించుచుండగ పెరుగు భూమివిలువలో సంఘమునకు హక్కు గలదని వాదించెను. 1879లో హెన్రీ జార్జి అను అమెరికా గ్రంథకర్త, పట్టణములు పెరిగినకొలది పేదరికము పెరుగుటకు భూమి విలువ కొందరి చేతులలో చిక్కుటయే హేతువని వ్రాసి, పన్నులన్నిటి స్థానమున భూమివిలువమీదనే పన్ను వేయవలెనని ప్రతిపాదించెను.

రికార్డో చెప్పినదంతయు మన రైతునకు సరిపోవునా యన్నచో, సరిపోదు. ఆయన లెక్కలోని కౌలుదారుడు మూలధనము గలవాడు. గిట్టనిచో పొలము విడిచి వేరు వ్యాపారమునకు పోగలవాడు. మన రైతునకు పొలము విడిచిన కూడు లేదు. ఈ భేదమును 1831లోనే రిచర్డు జోన్సు అను పండితుడు గుర్తించి, రైతులు జీవనముకొరకే భూమిని పట్టుకొని వ్రేలాడు దేశములలో శిస్తునకు హద్దు సారభేదము కాదనియు, రైతు బ్రదికియుండుటకు వలసిన తిండియే దాని హద్దనియు చెప్పెను. అనగా మన లెక్కలో 8 బస్తాలతో ఆగవలసిన చేయి, మిగిలిన 12 బస్తాలలోనికిని చొరబడును. అప్పుడు భాటకమను పేరుతో కూలియే దోపిడి యగుచున్నది. ఈ సీమనుండి వేలకొలది జనులు రంగూను రేవునకును, అచ్చటి బియ్యపు మిల్లులకును ఓడలెక్కి పోవుట ఊరక జరిగినది కాదు. ఇచ్చట పొలము విడిచి పోగల దారి వారికి అదొక్కటియే కనబడినది.

ఇచ్ఛాపురమునుండి చెన్నపురికి

శాస్త్రము దోపిడిని వివరించును. దానిని ఆపునది జనులు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టము జమీరైతునకు తన భూమిలో స్థిరమైన అనుభవపుహక్కు నిచ్చినది. కాని అది రైతుభూములకే గాని, జమీందారు సొంతమని చెప్పుకొను కమతపు భూములకు వర్తింపదు. ఇది రైతుభూమియా, కమతమా యను ఒక్క వివాదముమీద ఎన్ని వ్యాజ్యములు నడచినవో న్యాయవాదవృత్తిలోనివారికి తెలియును. వ్రాతకోతలు ఠాణాలో జరిగెడివి. లెక్కలు జమీందారు గుమాస్తా చేతిలో నుండెడివి. రైతు చేతిలో నాగలి తప్ప వేరు సాక్ష్యము లేకుండెను.

ఆచార్య ఎన్. జి. రంగాగారు ఆక్సుఫర్డులో అర్థశాస్త్రము చదివి వచ్చి, ఆ విద్యను రైతుసంఘముల నిర్మాణమునకు వినియోగించిరి. బారువలో జన్మించిన గౌతు లచ్చన్నగారు ఈ ప్రాంతమున రైతులను కూడగట్టిరి. ఇచ్ఛాపురమున బయలుదేరిన రైతుయాత్ర 130 దినములు నడచి, 1,500 మైళ్లకు పైగా సాగి, తొమ్మిది జిల్లాలు దాటి, 1,100కు పైగా అర్జీలను సేకరించి, 1938 మార్చి 27వ తేదీన చెన్నపురి శాసనసభకు సమర్పించినది. ఆ అర్జీల సంగతి మీరు మరువరాదు. అర్జీయనగా పేరు. అంతవరకు జమాబందీలో అంకెలుగ మాత్రమే యుండిన జనులు తమ పేర్లను తామే వ్రాయించుకొని రాజధానికి మోసికొనిపోయిరి. ఆ సంవత్సరమే వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చినది.

ఆనాటి రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశము పంతులుగారి అధ్యక్షతను ఎస్టేట్ల విచారణసంఘము కూర్చున్నది. భూమికి యజమాని రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుచేయు అధికారి మాత్రమేయనియు, శిస్తు శాశ్వత పరిష్కారమునాటి మట్టమునకు రావలెననియు ఆ సంఘము 1938లో నిర్ణయించినది. 1802 నాటి సిద్ధాంతమునకు మన న్యాయవాదియే వ్రాసిన తీర్పది. అది చట్టము కాకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేసినది.

1940 మార్చిలో పలాసయందు అఖిల భారత కిసాను మహాసభ జరిగినది. అది ముగిసిన కొలదిదినములకే, ఏప్రిలు 1వ తేదీన, మందస జమీలోని గుడారి రాజమణిపురమున అడవికట్టెలనుగూర్చిన వివాదములో రైతులను పట్టుకొనవచ్చిన పోలీసులను ఆడువారు అడ్డగించిరి. కాల్పులలో గున్నమ్మ నేలకొరిగినది; ఆమెతోపాటు మరికొందరును అసువులు బాసిరి. ఆమె అడిగినది సింహాసనము కాదు. తరతరములుగ తెచ్చుకొనుచున్న వంటచెరకు తనదే యన్నది.

ఆగిన మెట్టు

1948లో ఎస్టేట్ల రద్దుచట్టము వచ్చినది. జమీందారులకు నష్టపరిహార మిచ్చి, ఎస్టేట్లను ప్రభుత్వము స్వాధీనము చేసికొన్నది. రైతునకు రైత్వారీపట్టా లభించినది. ఇది గొప్ప విజయము. దీనిని తక్కువచేయువారితో మేము ఏకీభవింపము. అయినను న్యాయవాది చట్టమును సంతోషముతో చదివి ఊరకుండరాదు. అనుమానముతో మరల చదువవలెను.

పట్టా ఎవరికి వచ్చినది? 1908 నాటి చట్టముప్రకారము అనుభవపుహక్కు ఎవరికున్నదో వారికి. ఆ రైతు తానే దున్నినయెడల న్యాయము సంపూర్ణము. అతడు తన భూమిని వేరొకనికి పాలునకో, కౌలునకో ఇచ్చియుండినయెడల, ఆ దున్నువానికి పట్టాలో చోటు లేదు. అతని ఇంట కంబారిగ పనిచేయువాని పేరు తలంపునకే రాలేదు. కమతమని నిలుపుకొన్న భూమికి జమీందారునకే పట్టా దక్కెను. అడవులు ప్రభుత్వపరమైనవి; అనగా ఏ కట్టెలకొరకు గున్నమ్మ ప్రాణమిచ్చినదో ఆ కట్టెలకు యజమాని మారినాడు గాని, వానిని ఏరుకొనువారికి హక్కుపత్రము రాలేదు.

దీనిలో చట్టకర్తల దురుద్దేశమును వెదకనక్కరలేదు. చట్టము కాగితమును చూచును. కాగితమున ఏ పేరున్నదో ఆ పేరునకే హక్కిచ్చును. 1949లో కాంగ్రెసు భూసంస్కరణ సంఘమునకు అధ్యక్షులుగ నుండిన జె. సి. కుమరప్పగారు దున్నువానికే భూమి యను సూత్రమును గట్టిగ చెప్పిరి. సూత్రము స్పష్టమే. దున్నువాడెవడో ఋజువుచేయు భారము దున్నువానిపై నున్నంతకాలము ఆ సూత్రము కళ్లమునకు చేరదు.

కొండమీది లెక్క

మైదానమున శిస్తు చేసిన పనిని కొండలమీద అప్పు చేసినది. సవరలు, జాతాపులు సాగుచేయు ఏజన్సీలో షావుకారు లెక్క యెట్లు నడచెడిదో చూడుడు. వానకాలమున ఇంట గింజ యుండదు; ధాన్యము ధర ఎక్కువ. అప్పుడు షావుకారు గింజలు అప్పిచ్చి, వాని విలువను రూపాయలలో వ్రాసికొనును. పంట యింటికి వచ్చినప్పుడు ధర పడిపోవును. అప్పుడు ఆ రూపాయలకు గింజలు కొలిచి తీసికొనును. వడ్డీయని ఒక్క కాసు వ్రాయకున్నను, తీసికొన్నదానికి రెట్టింపు కొలువవలసి రావచ్చును. వడ్డీ కలిసినచో ఆ యప్పు తీరునది కాదు. తీరని యప్పునకు పొలము పోవును, పొలము పోయిన పిమ్మట మనిషియే పాలికాపుగ పోవును. వెట్టిచాకిరి రద్దుచట్టము 1976లో గాని రాలేదు.

గిరిజనుని భూమి అన్యులకు పోరాదని 1917లోనే ఏజన్సీ చట్టమొకటి పుట్టినది. 1959లో మరల రెగ్యులేషను వచ్చినది. కాగితమున రెండును మంచివే. భూమి మాత్రము చేతులు మారుచునే యుండెను. గిరిజనసంఘము కూలిరేట్లకొరకును, పోయిన భూములకొరకును పనిచేయుచుండగ, 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడియొద్ద కోరన్న, మంగన్న యను ఇద్దరు గిరిజనులు తుపాకిగుండ్లకు బలియైరి. ఆ కేసులో నిందితులు విడుదలైరి. తరువాత జరిగిన సాయుధపోరాటము, దాని యణచివేత, 1970 జూలై 10వ తేదీన వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసముల మరణము మీరెరిగినవే. ఆయుధమార్గమును మేము ఎన్నడును సమర్థింపలేదు, ఇప్పుడును సమర్థింపము. అయినను, చట్టము నలువది యేబది సంవత్సరములు కాగితముననే యుండినప్పుడు జనులకు చట్టముమీది నమ్మకము తెగునని పాలకులు గ్రహింపవలసియుండెను.

ఆ సంవత్సరమే, 1970 ఫిబ్రవరిలో, 1వ నంబరు రెగ్యులేషను అమలులోనికి వచ్చినది. దానిలోని ఒక్క అంశమును మీరు కంఠస్థము చేయవలెనని కోరుచున్నాము. ఏజన్సీప్రాంతమున గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, అట్లు కాదని ఋజువగువరకు, గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపబడునని ఆ చట్టము చెప్పినది. అనగా ఋజువుభారము తారుమారైనది. కాగితము లేని గిరిజనుడు కాగితము తెమ్మనిపించుకొనవలసిన పని లేదు. కాగితము గలవాడే దాని పుట్టుక చెప్పుకొనవలెను. 1988లో సుప్రీముకోర్టు ఈ చట్టమును సమర్థించినది. 1997లో సమత కేసు తీర్పున, షెడ్యూలు ప్రాంతమందలి ప్రభుత్వభూమిని గనులకై గిరిజనేతరులకును, ప్రైవేటు సంస్థలకును ఇయ్యరాదని అదే న్యాయస్థానము నిర్ణయించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము సాగులోనున్న అడవిభూమికి హక్కుపత్రమును భార్యాభర్త లిద్దరి పేరను ఇయ్యవలెనన్నది. గున్నమ్మ నేలకొరిగిన 66 సంవత్సరములకు ఆడుదాని పేరు అడవికాగితమున కెక్కుటకు దారి యేర్పడినది.

కౌలుదారు

మరల మైదానమునకు దిగుదము. నేడు మన పల్లెలలో పట్టాదారొకడు, సాగుచేయువాడొకడు అగుట సామాన్యమైనది. పట్టాదారు చెన్నపట్టణముననో, హైదరాబాదుననో, సైన్యముననో, ఉపాధ్యాయవృత్తిలోనో యుండును. కౌలు నోటిమాటమీద నడచును. కౌలుదారు ఎరువు కొనును, విత్తనము కొనును, కూలి యిచ్చును, గాలివాన భయమును మోయును. బ్యాంకు అప్పు పట్టాపుస్తకమును చూచి యిత్తురు. పంటనష్టపు సాయము దరిచేరవలెనన్నను కాగితము కావలెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టము చేసినట్టి సమయములలో కాగితము లేనివాని నష్టము లెక్కకే రాకపోవు ప్రమాదము కలదు.

ఇది న్యాయము కాకపోవుటయే గాక, పంటకును నష్టము. ఆల్ఫ్రెడ్ మార్షలు 1890లో చెప్పినట్లు, పండిన దానిలో సగము పరుల పాలగునని తెలిసిన పాలుదారు, తన చివరి రూపాయను, చివరి చెమటబొట్టును ఆ నేలలో పోయుటకు వెనుదీయును. మరుసటియేడు తన చేతిలో నుండునో లేదో తెలియని నేలకు గట్టు వేయువా డెవడు? పశువుల పెంట తోలువా డెవడు? 1802లో జమీందారునకు స్థిరత్వ మిచ్చినచో భూమి బాగుపడునని వాదించిరి. ఆ వాదమున లోపమొక్కటే: స్థిరత్వమును ఇయ్యవలసిన మనిషిని తప్పుగ ఎంచిరి.

మన రాష్ట్రమున చట్టములు లేకపోలేదు. 1956లో కౌలుచట్టము వచ్చి కౌలునకు గరిష్ఠమితిని పెట్టినది. 1973లో భూపరిమితి చట్టము వచ్చినది. 2011లో భూఅధీకృత సాగుదారుల చట్టము ఋణార్హతకార్డు నిచ్చినది. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమునకు కార్డు నిచ్చినది. దానికి భూయజమాని సమ్మతి కావలసివచ్చినది. ఇక్కడనే చిక్కు. ఎవని పేరు కాగితమున నున్నదో వాని దయవలననే రెండవవాని పేరు కాగితమున కెక్కవలెను. 1908లో గుమాస్తా లెక్కపుస్తకమున ఏ లోపముండెనో, అదియే మరియొక రూపమున మిగిలియున్నది.

యజమానుల భయమును మేము కొట్టివేయము. కౌలునకిచ్చువారందరు జమీందారులు కారు. రెండెకరముల వితంతువు కలదు, కూలికై దూరదేశము పోయిన చిన్నరైతు కలడు. సంతకము పెట్టినచో భూమి పోవునని వారు వణకుదురు. వారికి మేము చెప్పుమాట యిది: సాగు వ్రాత వేరు, యాజమాన్యపు వ్రాత వేరు. ఈ యేడు ఈ పంటను ఈ మనిషి వేసినాడని వ్రాయుట, భూమి అతనిదని వ్రాయుట కాదు. ఈ రెంటిని వేరుచేసి చట్టము స్పష్టముగ పలికినచో యజమాని నిర్భయుడగును, సాగుదారు నిలద్రొక్కుకొనును.

ఇది జరుగునదేనా యని సందేహించువారికి వంగదేశమే సమాధానము. శాశ్వత పరిష్కారము పుట్టిన ఆ గడ్డమీదనే, పశ్చిమబెంగాలులో, 1977లో చట్టమును సవరించి, ఒకని భూమిని వేరొకడు సాగుచేయుచున్నయెడల అతడు పాలుదారుడేయని భావింపవలెననియు, కాదని చెప్పువాడే ఋజువు చేయవలెననియు శాసించిరి. 1978 మొదలు అధికారులు కచ్చేరీ విడిచి సాయంకాలమున పల్లెలకు పోయి, పాలుదారులను కూర్చుండబెట్టి, అందరియెదుట పేర్లడిగి, విచారించి వ్రాసికొనిరి. బర్గా కార్యక్రమమను పేర జరిగిన ఈ పనివలన 14 లక్షలకు పైగా పాలుదారుల పేర్లు నమోదైనవి. దానివలన పంట దిగుబడియు హెచ్చెనని 2002లో ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు తమ పరిశోధనలో చూపిరి. అక్కడ ఋజువుభారమును తారుమారు చేసిన సూత్రము, మన ఏజన్సీలో 1970లో వచ్చిన సూత్రము ఒక్కటే. మన కొండలమీద చెల్లిన న్యాయము మన పల్లములో చెల్లదా?

పేరులేని నేల, నేలలేని మనిషి

రెండు సంగతులు మిగిలినవి. ఎవరి పేరను లేని నేలయు కలదు. సోంపేట బీలను చూడుడు. పశువులు మేయును, బెస్తలు చేపలు పట్టుదురు, చుట్టుపట్ల పొలములకు నీరూరును. ఎవరి పట్టాయు కాదు గనుక దానిని పనికిరాని నేలగ నెంచి విద్యుత్కేంద్రమునకు కేటాయించిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసుకాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన యనుమతిని రద్దుచేసినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లిలోను కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. నలుగురు అనుభవించు నేలకు నలుగురి పేరను వ్రాత కావలెను. మందస కట్టెల పాఠమే బీల చేపల పాఠము.

నేల యేమాత్రము లేని మనిషి మాటయేమి? దున్నువానికే భూమి యన్న సూత్రము అతనిని తాకదు. డాక్టరు అంబేద్కరు ఈ లోటును అందరికంటె ముందు గట్టిగ చూపిరి. భూమిని చిన్నచిన్న తునుకలుగ పంచినను, కౌలునకు రక్షణ యిచ్చినను, భూమిలేని దళితులకు మేలు కలుగదనియు, వ్యవసాయమును ప్రభుత్వ పరిశ్రమగ చేసి, గ్రామస్థులకు కులభేదము లేకుండ సమష్టిసాగునకు ఇయ్యవలెననియు 1947లో ఆయన ప్రతిపాదించిరి. ఆ మార్గమును దేశము పట్టలేదు. ఆయన వేసిన ప్రశ్న మాత్రము నిలిచియున్నది. 2005లో పార్లమెంటు చేసిన ఉపాధిహామీ చట్టము సంవత్సరమునకు 100 దినముల పనిని గ్రామీణకుటుంబమునకు హక్కుగ ప్రకటించినప్పుడు, హాజరుపట్టీలో కూలివాని పేరు, కూలిదాని పేరు విడివిడిగ కెక్కినవి. తన పేరెదుట తన కూలి వ్రాసియుండుటను చూచిన మనిషి ఊరి కామందుతో మాటలాడు తీరు మారునని గ్రామములలో తిరుగు మీకు మేము చెప్పనక్కరలేదు.

మనము చేయవలసినది

కార్యకర్తలారా! సిద్ధాంతములన్నియు కలిసి మనకు చెప్పినది సంగ్రహముగ నిది. నేలసారమువలన పుట్టిన అధికఫలము ఏ ఒక్కని కష్టఫలమును కాదు. శిస్తుగను, వడ్డీగను కూలిలోనికి చొరబడు చేతిని చట్టమే అడ్డవలెను. చట్టము పనిచేయుటకు పేరు కావలెను. మొదటి రెండును శాసనసభల పని. మూడవది మన పని, రేపే ఆరంభింపదగిన పని.

ప్రతి గ్రామమునను పంటకాలమున సాగుదారుల పట్టికను మీరు వ్రాయుడు. ఏ సర్వేనంబరును ఎవరు దున్నుచున్నారో గ్రామసభలో బిగ్గరగ చదువుడు. తగవులున్నచో అక్కడనే విని తీర్చుడు. కౌలు చెల్లించునప్పుడెల్ల, ఎంత చిన్న మొత్తమైనను, రసీదు పుచ్చుకొనుట నేర్పుడు. రసీదియ్యని చోట ఇద్దరు సాక్షుల వ్రాలు తీసికొనుడు. నాట్లు వేయు స్త్రీ పేరును భర్త పేరుప్రక్కనే వ్రాయుడు. కొండగ్రామములకు పోవువారు అచ్చటివారి భాషను నేర్చుకొనుడు. సవరభాష నేర్చి, సవరపిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన సీమవారే. అవతలివాని మాట రానివాడు వాని పేరును సరిగ వ్రాయలేడు. చిన్నయజమానుల యిండ్లకును పొండు; సాగు వ్రాతవలన వారి భూమికి చేటులేదని ఓపికతో చెప్పుడు. వారిని శత్రువులుగ చేసికొన్న ఉద్యమము పల్లెలో నిలువదు.

మీరు వ్రాసిన పట్టికకు చట్టబలము వెంటనే రాదని కొందరనవచ్చును. 1938లో ఇచ్ఛాపురమునుండి మోసికొనిపోయిన 1,100 అర్జీలకును చట్టబలము లేదు. పదేండ్లకు జమీందారీయే లేకపోయినది. అయినను ఆనాడు కౌలుదారుల పేర్లును, కంబారుల పేర్లును ఆ మూటలలోనుండి 1948 నాటి పట్టాలోనికి ఎక్కలేదు. ఈసారి చట్టము మారునాటికి మన పట్టికలు సిద్ధముగ నుండవలెను. కలము, కాగితము మీ చేతిలో నున్నవి. రాబోవు నాట్లకాలముననే పని మొదలిడుడని కోరుచు విరమించుచున్నాము.